రాజుల కాలం సినిమాకి పిలకాయల్ని తీసుకెళ్లొచ్చా? నెల్లూరు, ప్రకాశం ఇళ్లల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో సోషల్ టీచర్‌ని. పాఠం చెప్పేది చరిత్ర, శుక్రవారం వస్తే వదలనిది సినిమా. ఈ రెండూ తెలిసిన చుట్టాలు కాబట్టి, కత్తులూ గుర్రాలూ ఉన్న సినిమా ఏది రిలీజైనా ముందు నా ఫోనే మోగుతుంది. ఒంగోలు నుంచి ఆడపడుచు, ఆత్మకూరు నుంచి పిన్ని, నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి తమ్ముడి భార్య. అందరిదీ ఒకటే మాట: "పిలకాయల్ని తీసకపోవచ్చా?" అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

పీరియడ్ సినిమా అంటే రాజుల సినిమానేనా?

కాదు. కథ జరిగేది ఇప్పటి కాలంలో కాకుండా, ఆ పాత కాలం లేకపోతే కథే లేదనిపిస్తే అది పీరియడ్ సినిమా. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి కోటని ముట్టడించి 1514లో పట్టుకున్న కథ తీస్తే పీరియడ్ సినిమా. 1992 ప్రాంతంలో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మీదికి వెళ్లిన కథ తీసినా పీరియడ్ సినిమానే. రెండోదాంట్లో కిరీటాలుండవు, టేప్ రికార్డర్లూ లూనా బండ్లూ ఉంటాయి, అంతే తేడా.

చిక్కంతా ఆ కిరీటం దగ్గరే ఉంది. పౌరాణికాలూ జానపదాలూ చూస్తూ పెరిగిన ఇళ్లు మనవి. తెర మీద కిరీటం కనిపిస్తే భక్తి, పంచెకట్టు కనిపిస్తే మర్యాద అనుకునే అలవాటు పోలేదు. మా అమ్మ ఇప్పటికీ పోస్టర్లో గుర్రం కనిపిస్తే చాలు, "ఇదేదో మంచి సినిమాలా ఉందే" అంటుంది. పాత జానపదంలో కత్తి తగిలినవాడు "ఆ" అని పక్కకి ఒరిగేవాడు, చొక్కా కూడా నలిగేది కాదు. ఇప్పుడు ఆ కత్తి ఎక్కడ దిగిందో, ఎంత లోతుకి దిగిందో కెమెరా దగ్గరికి పోయి మరీ చూపిస్తోంది. వేషాలు చూసి పాత సినిమా అనుకుని పోతాం, లోపల ఆడేది కొత్త సినిమా. నాకొచ్చే ఫోన్లలో సగం ఈ పొరపాటు చేసి, హాల్లోంచి బయటికొచ్చాక చేసినవే.

యూ, యూఏ, ఏ అని ఉండేవి కదా, ఇప్పుడు అంకెలు కూడా వేస్తున్నారేంటి?

1983 నుంచి మనకి నాలుగు రకాల సర్టిఫికెట్లు ఉన్నాయి. యూ అంటే అందరూ చూడొచ్చు. యూఏ అంటే, అంకెలు రాకముందు, పన్నెండేళ్లలోపు పిల్లలకి చూపించాలా వద్దా అన్నది పెద్దవాళ్లు ఆలోచించుకోవాలని. ఏ అంటే పద్దెనిమిది నిండినవాళ్లకే. ఎస్ అంటే డాక్టర్ల లాంటి ప్రత్యేకమైన వర్గం కోసం, అది మనం హాల్లో చూసేది కాదు.

ఇందులో యూఏ మరీ పెద్ద సంచి అయిపోయింది. చిన్న తోపులాట ఉన్న సినిమాకీ అదే, తలలు తెగిపడే సినిమాకీ అదే. అందుకే 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, యూఏని మూడుగా విడగొట్టారు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. దానికి సంబంధించిన రూల్స్ 2024లో వచ్చాయి. కాబట్టి ఇప్పటి సినిమాకి యూఏ పక్కన అంకె ఉంటుంది, అంతకుముందు సర్టిఫికెట్ తీసుకున్నదానికి ఉత్త యూఏ మాత్రమే ఉంటుంది. పాత సినిమా మీద అంకె లేదంటే ఏడేళ్లవాడికి పర్లేదని కాదు, ఆ రోజుల్లో అంకె వేయలేదని అర్థం.

సర్టిఫికెట్ సినిమా మొదట్లో పది సెకన్లు తెర మీద పడుతుంది. కానీ అప్పటికే మీరు టికెట్ కొని, పాప్‌కార్న్ పట్టుకుని కూర్చుని ఉంటారు. టికెట్ బుక్ చేసే యాప్‌లో సినిమా పేరు కిందే ఉంటుంది, అక్కడే చూసుకోండి.

యూఏ 16+ అంటే మా పద్నాలుగేళ్ల వాణ్ణి హాల్లోకి రానివ్వరా?

రానిస్తారు. యూఏ పక్కన ఉన్న అంకె అమ్మానాన్నలకి ఇచ్చే సలహా, గేటు దగ్గర ఆపే ఆర్డరు కాదు. ఆపాల్సింది 'ఏ' సర్టిఫికెట్ సినిమాకే. దానికి మీరు పక్కనున్నా సరే, పద్దెనిమిది నిండకపోతే లోపలికి పంపకూడదు. "మా పిల్లోడు, మా ఇష్టం" అంటే కుదరదు. కొన్ని హాళ్లలో అడగకుండా వదిలేస్తారు, నేనే చూశాను, ఒళ్లో పాపతో 'ఏ' సినిమాకి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లు వదిలారు కదా అని మీరు వెళ్లకండి.

సర్టిఫికెట్ చూసుకుంటే చాలదా? మళ్లీ మనం తేల్చుకునేది ఏముంది?

సర్టిఫికెట్ ఇచ్చే సెన్సార్ బోర్డు చూసేది తెర మీద ఏముందో. మీ పక్కన కూర్చున్నది ఎవరో దానికి తెలీదు.

మన నెల్లూరు కథే చెప్తాను. పదమూడో శతాబ్దంలో నెల్లూరుని ఏలిన మనుమసిద్ధికీ, పశువుల మందలతో వచ్చిన కాటమరాజుకీ పుల్లరి దగ్గర తగువొచ్చింది. పుల్లరి అంటే పచ్చికలో పశువుల్ని మేపుకున్నందుకు కట్టే పన్ను. మనుమసిద్ధి తరఫున యుద్ధానికి పోయినవాడు ఖడ్గతిక్కన, మహాభారతం రాసిన తిక్కనకి వరసకి అన్నదమ్ముడు. సేన దెబ్బతిని ఇంటికి తిరిగొచ్చాడు. భార్య చానమ్మ ఆయన స్నానానికి మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద పెట్టింది, ఆడవాళ్లకి పెట్టినట్టు. తల్లి ప్రోలమ్మ అన్నంలో విరిగిన పాలు పోసిందని చెప్పుకుంటారు. ఆ అవమానానికి ఆయన మళ్లీ యుద్ధానికి పోయి చచ్చిపోయాడు.

దీన్ని ఎవరైనా సినిమాగా తీశారనుకోండి. యుద్ధానికి యూఏ 13+ పడుతుందో 16+ పడుతుందో బోర్డు చూసుకుంటుంది. ఆ స్నానాల గది సీన్లో మాత్రం రక్తం లేదు, బూతు లేదు, కత్తెర వేయడానికి ఏమీ లేదు. నా లెక్కలో మొత్తం సినిమాలో పిల్లలకి కష్టమైన సీను అదే. ఈ కథని ఎనిమిదో తరగతిలో చెప్పినప్పుడు వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి, "అంటే వాళ్లమ్మే చచ్చిపొమ్మందా టీచర్?" అన్నాడు. ఇరవై ఏళ్లుగా "వీరమాత" అని చెప్పుకుంటూ పోతున్నదాన్ని, ఆ రోజు నల్లబోర్డు వైపు తిరిగి ఏదో రాసినట్టు నటించాను.

అలాగని ఆ సీను చూపించకూడదని కాదు. పన్నెండేళ్ల పిల్లతో అయితే నేను కచ్చితంగా చూస్తాను, బయటికొచ్చాక అరగంట మాట్లాడతాను. ఆరేళ్లవాడితో చూడను. పరీక్షలో తక్కువ మార్కులొచ్చాయని ఇంట్లో తిట్లు తింటున్న పిల్లవాడితో అసలు చూడను. ఈ తేడా ఏ సర్టిఫికెట్టూ చెప్పదు.

కత్తి యుద్ధాలకి పిల్లలు భయపడరు, వాళ్లు ఆడే వీడియో గేముల్లో అంతకంటే ఎక్కువే ఉంటాయిగా?

ఇది మా తమ్ముడి వాదన. గేములో కొట్టేది వాడు, ఆపే మీట వాడి చేతిలో ఉంటుంది. హాల్లో అవి రెండూ లేవు.

ఇంకో సంగతి, యుద్ధం ఎంతసేపు ఉందన్నదానికంటే ఎవరి మీద జరుగుతోందన్నది ముఖ్యం. వేలమంది సైనికులు పడిపోతుంటే ఏడేళ్ల పిల్ల చిప్స్ తింటూ చూస్తుంది. కట్టేసిన ఒక్క మనిషిని కొరడాతో కొడితే ప్యాకెట్ పక్కన పెట్టేస్తుంది. పీరియడ్ సినిమాల్లో ఈ రెండో రకం తప్పకుండా ఒకటుంటుంది: తెల్లదొర కొరడా, నడివీధిలో ఉరి, పన్ను కట్టలేని రైతుని ఎండలో నిలబెట్టడం. నన్నడిగితే యుద్ధాల లెక్క వదిలేసి, హింసపెట్టే సీన్లు ఎన్ని ఉన్నాయో కనుక్కోండి.

సౌండు కూడా. ఎముక విరిగిన చప్పుడు, కత్తి ఒరలోంచి వచ్చే చప్పుడు కొత్త హాళ్లలో నాలుగు వైపుల నుంచీ వస్తాయి. కళ్లు మూసుకోమని చెప్పగలం, చెవులకి ఏం చెప్తాం?

పాత ఆచారాలు చూపిస్తారు కదా, పిల్లలకి అవి ఎట్టా చెప్పాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, అడగాల్సినవాళ్లు ఎక్కువ. సతీసహగమనం, పసిపిల్లల పెళ్లిళ్లు, కన్యాశుల్కం, దేవదాసీ పద్ధతి, బావి దగ్గర అంటరానితనం. ఇవి లేకుండా నిజాయితీగా పాత కాలం సినిమా తీయలేరు. ఉన్నందుకు సినిమాని తప్పుపట్టను. ఎలా చూపించారన్నదే చూస్తాను. చితి ఎక్కే ఆడమనిషి ముఖం మీద బంగారు వెలుగు వేసి, వెనక శంఖం ఊది, స్లోమోషన్లో చూపిస్తే ఆ సినిమా పిల్లలకి ఏదో మంచి పని జరుగుతోందని చెప్తున్నట్టు. అదే చితి పక్కన నిలబడి అరుస్తున్న చెల్లెలి ముఖం కూడా చూపిస్తే వేరే సంగతి చెప్తున్నట్టు. ఇద్దరు డైరెక్టర్లకీ ఒకే సర్టిఫికెట్ రావచ్చు.

హాలుకి పోయే ముందు ఒక్క ముక్క చెప్పి తీసుకెళ్లండి: ఇది తప్పని మన దేశంలోనే కొట్లాడి ఆపారు అని. సతిని బెంగాల్లో 1829లో నిషేధించారు, మరుసటి ఏడాదే మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా. మనం ఆ ప్రెసిడెన్సీలోనే ఉన్నాం. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్లకి పద్నాలుగేళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదంది. దేవదాసీలుగా అంకితం చేయడాన్ని మద్రాసులో 1947లో చట్టంతో ఆపారు. పద్నాలుగేళ్లు అనగానే మా క్లాసులో ఆడపిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, ఎందుకంటే వాళ్ల వయసు అదే. అప్పట్లో దాన్నే చాలామంది "ఇంత ఆలస్యమా" అని గొడవ చేశారని చెప్తే నమ్మరు.

కులం సంగతి మాత్రం జాగ్రత్త. తెర మీద ఒకరిని పేరు పెట్టి తక్కువ చేసి మాట్లాడే డైలాగు ఉంటే, సోమవారం నాటికి అది స్కూలు గ్రౌండులో వినిపిస్తుంది. విలన్ అన్నాడా హీరో అన్నాడా అన్నది పిల్లలకి గుర్తుండదు, మాట గుర్తుంటుంది. అలాంటి డైలాగు ఉందని తెలిస్తే సినిమా మానక్కర్లేదు, ఇంటికొచ్చేలోపు దాని గురించి మాట్లాడటం మానొద్దు.

సిగరెట్లు, మందు సీన్లు?

పొగాకు కనిపించే సినిమా అయితే మొదట్లోనూ ఇంటర్వెల్ తర్వాతా ఆరోగ్య హెచ్చరిక వేయాలి, సీను నడుస్తున్నప్పుడు కింద అక్షరాలు పడాలి. 2023 సెప్టెంబరు నుంచి ఓటీటీలో కూడా ఈ రూలు ఉంది. రాజు హుక్కా పీలుస్తున్నా కింద "పొగాకు ఆరోగ్యానికి హానికరం" అని పడుతుంది. మూడ్ పాడవుతుందని కొందరు విసుక్కుంటారు, నాకైతే నవ్వొస్తుంది. సారా మీద పోరాడిన జిల్లా మనది, ఆ నాలుగు అక్షరాలకి విసుక్కోవడం ఎందుకు?

గుర్రాలూ ఎద్దులూ పోట్లాడే సీన్లలో మూలన "సీజీఐ" అని చిన్న అక్షరాలు కనిపిస్తాయి, గ్రాఫిక్స్‌లో చేశామని చెప్పడానికి. జంతువులంటే ప్రాణం పెట్టే పిల్లలకి ఆ మూల చూపించండి. ఒంగోలు గిత్త కింద పడితే మా మేనల్లుడు ఏడుపు ఆపింది ఆ మూడక్షరాలు చూపించాకే.

ఇందులో చూపించింది నిజంగా జరిగిందా అని పిల్లలు అడిగితే?

సినిమా మొదట్లో పెద్ద అక్షరాల్లో ఒక ప్రకటన వేస్తారు, ఇది కల్పితం, ఎవరినీ ఉద్దేశించింది కాదు అని. చదివేలోపే పోతుంది. కానీ ఆ తర్వాత రెండు గంటల నలభై నిమిషాలు సినిమా నిజమే అన్నట్టు మాట్లాడుతుంది.

కాలం తప్పుల్ని పట్టుకోవడం పిల్లలకి ఆటలా నేర్పండి. 1940లో జరిగే కథలో ఎవరైనా "మాది ప్రకాశం జిల్లా" అంటే అక్కడే దొరికిపోయినట్టు. ఆ జిల్లా పుట్టింది 1970 ఫిబ్రవరిలో, అప్పుడు కూడా దాని పేరు ఒంగోలు జిల్లా. 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. కాకతీయుల కాలం వంటింట్లో మిరపకాయలూ టమాటాలూ కనిపించినా అంతే, మిరప మనకి పోర్చుగీసువాళ్లతో వచ్చింది. నెల్లూరు చేపల పులుసు మిరపకాయ లేకుండా ఎలా ఉండేదో ఊహించుకోమని పిల్లలకి చెప్తే సినిమా మర్చిపోయి దాని గురించే వాదించుకుంటారు.

ఒక రాజుని మరీ దేవుణ్ణి చేసి, ఎదుటి రాజు మతాన్నో భాషనో మొత్తంగా రాక్షసుల్ని చేసే సినిమా అయితే మాత్రం నేను పదేళ్లలోపు పిల్లల్ని తీసుకెళ్లను. రక్తం ఒక్క చుక్క లేకపోయినా సరే. నెల్లూరు దర్గా దగ్గర రొట్టెల పండక్కి అన్ని మతాలవాళ్లూ స్వర్ణాల చెరువులో పక్కపక్కనే నిలబడి రొట్టెలు మార్చుకునే ఊరు మాది, మా పిలకాయలకి ఆ కళ్లే ఉండనివ్వాలని నా పట్టుదల. మీకు వేరే అభిప్రాయం ఉండొచ్చు.

అరవం నుంచి డబ్బింగ్ అయిన సినిమాకి కూడా అదే సర్టిఫికెట్టా?

ఏ భాష వెర్షన్‌కి ఆ భాషలోనే సర్టిఫికెట్ తీసుకోవాలి. మద్రాసులో చూసిన చుట్టాలు చెప్పింది విని టికెట్లు కొనకండి, తెలుగు వెర్షన్‌కి ఏమొచ్చిందో చూడండి. మాటలు రాసేవాళ్లు మారితే తిట్లు కూడా మారతాయి.

హాల్లో ఎందుకు, ఓటీటీలో వచ్చాక ఇంట్లో చూస్తే మేలు కదా?

పాజ్ బటన్ ఉండటం మేలే. కానీ హాల్లో ఆడిన సినిమానే ఇంట్లోకి వస్తుందని నమ్మకండి. చాలాసార్లు బోర్డు "ఇలాగే వదలాలంటే 'ఏ' ఇస్తాం, ఫలానావి తీసేస్తే 'యూఏ' ఇస్తాం" అంటుంది. నిర్మాతకి కుటుంబాలు కావాలి కాబట్టి తీసేస్తాడు. ఆ తీసేసిన ముక్కలు ఓటీటీలో తిరిగి రావచ్చు, ఎందుకంటే ఓటీటీలో ఉన్నవాటికి వాళ్లే రేటింగ్ ఇచ్చుకోవాలని 2021 నాటి ఐటీ రూల్స్ చెప్తున్నాయి. అక్కడ కూడా 7+, 13+, 16+ ఉంటాయి. వాటి పక్కనే హింస, భాష అని కారణం కూడా రాస్తారు, అంకె కంటే ఆ రెండు ముక్కలే మనకి ఎక్కువ పనికొస్తాయి. 13+ నుంచి పైవాటికి తాళం వేసే ఏర్పాటు ఉండాలి. మీ ఇంట్లో వేశారా? ఆ పిన్ నంబరు మీ పిల్లోడి పుట్టిన తేదీ అయితే వేయనట్టే.

టీవీలో వచ్చే సినిమా వేరు. 'ఏ' సర్టిఫికెట్ సినిమాని టీవీలో వేయాలంటే తగ్గించి మళ్లీ సర్టిఫికెట్ తీసుకోవాలి. కాబట్టి "టీవీలో చూశాం, ఏమీ లేదు" అన్నవాళ్ల మాట ఓటీటీకి పనికిరాదు.

ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్తే?

పిల్లల కంటే పెద్దవాళ్లతోనే నాకు టెన్షన్. నిడివి చూడండి, మూడు గంటలు దాటితే మోకాళ్లు ఒప్పుకోవు. మెట్లున్న బాల్కనీ వద్దు. అంతఃపురం పాటలు వచ్చినప్పుడు అత్తగారూ అల్లుడూ పక్కపక్కన లేకుండా మధ్యలో ఒక పిల్లోణ్ణి కూర్చోబెట్టుకోండి.

ముందే తేల్చుకోవడానికి మీరేం చేస్తారు?

ట్రైలర్ రెండుసార్లు చూస్తాను. ఒకసారి సౌండు తీసేసి, ఒకసారి ఫోను బోర్లా పెట్టి వింటూ. మ్యూజిక్ లేకుండా చూస్తే ఎంత రక్తం ఉందో తెలుస్తుంది, బొమ్మ లేకుండా వింటే ఎంత అరుపు ఉందో తెలుస్తుంది. ఆ డైరెక్టర్ ముందు సినిమా గుర్తుచేసుకుంటాను, చేయి తిరిగినవాడి అలవాట్లు అంత తొందరగా మారవు.

మొదటి రోజు పిల్లల్ని తీసుకెళ్లను. ఈలలూ చింపిన కాగితాలూ వాళ్లకి నచ్చుతాయనుకోండి, కానీ చూసొచ్చినవాళ్లు ఒక్కరైనా ఉంటే నాకు నమ్మకం. వాళ్లని "బాగుందా?" అని అడగను. బాగుందన్న మాటకి అర్థం లేదు. "ఎక్కడ తల పక్కకి తిప్పుకున్నావు?" అని అడుగుతాను. దానికి ఎవరూ అబద్ధం చెప్పరు, ఏ సీనో, ఇంటర్వెల్‌కి ముందో వెనకో చెప్పేస్తారు.

మధ్యలో పిల్ల భయపడితే?

లేచి వచ్చేయండి. టికెట్ డబ్బులు ముఖ్యం కాదు. నేను రాలేదు, అందుకే చెప్తున్నా. మా చెల్లెలి కూతురికి ఆరేళ్లప్పుడు నెల్లూరులో ఒక హాల్లో స్వాతంత్ర్యోద్యమం నాటి సినిమాకి తీసుకెళ్లాను. దేశభక్తి కదా అనుకున్నాను, సర్టిఫికెట్ కూడా చూడలేదు. ఇంటర్వెల్ తర్వాత ఉరి సీను. పిల్ల నా కొంగులోకి దూరింది, "అయిపోతుంది, ఇంకొంచెమే" అంటూ నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను. నాలుగు రాత్రులు లైటు తీయనివ్వలేదు. ఇంట్లో దూలానికి కట్టిన ఉయ్యాల తాడు చూసి వణికితే దాన్ని విప్పేయాల్సి వచ్చింది. చెల్లెలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అంటే బాగుండేది.

పిలకాయలతో ఏ ఆటకి పోవాలి? సెకండ్ షో పర్లేదా?

వద్దు, మ్యాట్నీకి పోండి. బయటికొచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంటుంది, ట్రంకు రోడ్డులో ఏదో ఒకటి తింటూ వాళ్లు అడిగేవన్నీ అడుగుతారు, నిద్రపోయే వేళకి సగం మర్చిపోతారు.